క్రాంజీ బస్టాపులో తాబేలు

మొన్న మంగళవారం పొద్దున యీషున్‌లో రైలెక్కి, సెరంగూన్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి బయలుదేరాను. వారానికి మూడు రోజులు మనవరాలిని చూసుకోవడం నా వంతు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఫోన్లలోకి తలలు వంచుకుని కూర్చున్నారని రాద్దామనుకున్నాను గానీ, అది చూడాలంటే ముందు నేను తలెత్తి ఉండాలి కదా, నేనెక్కడ ఎత్తాను. ఎవరో గోంగూర పచ్చడి నూరుతుంటే చూస్తున్నాను. నాకు గోంగూర పచ్చడి రాదా అంటే నలభై ఏళ్ళుగా నూరుతూనే ఉన్నాను, అయినా ఆవిడ ఎలా నూరుతుందో చూడకపోతే లోకం ఆగిపోయేట్టు చూస్తున్నాను. ఆ నూరుడు మధ్యలో ఒక ఈమెయిలు వచ్చింది. ఒకప్పటి మా తెలుగు చర్చావేదిక ఈ నెలాఖరుతో మూతపడుతోందట, నడిపే ఓపికా లేదు, రాసేవాళ్ళూ లేరు, ఎవరి రాతలు కావాలంటే వాళ్ళు ఈలోగా దింపుకోవాలట. అది రెండుసార్లు చదివేసరికి బిషాన్‌లో మారాల్సినదాన్ని మారకుండా రెండు స్టేషన్లు ముందుకు పోయాను.

మన వయసు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇంటర్నెట్టు అంటే ఇంట్లో ఒక మూల బల్లమీద ఉండేది, దాని దగ్గరికి మనమే నడిచి వెళ్ళాలి, వెళ్ళాక టెలిఫోను తీగె కీచుకీచుమని గొంతు సవరించుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. తెలుగు అక్షరాలు అప్పటికింకా తెరమీదికి రాలేదు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి, ఇంగ్లీషు అక్షరాల్లోంచి తెలుగు చదువుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే అంత అవస్థ పడి ఎందుకు రాశామా అనిపిస్తుంది గానీ, పరాయి దేశంలో ఒక్క తెలుగు మాట కోసం మొహం వాచిన వాళ్ళకి అది అవస్థలా తోచేది కాదు.

నేను తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. గట్టిగానే చెప్పేదాన్ని, గదిలో అడుగుపెడితే వెనక బెంచీల వాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. మా ఆయనకి సింగపూరులో కంప్యూటర్ ఉద్యోగం వస్తే నాలుగేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చాను, ఇప్పటికి పాతికేళ్ళు దాటింది. యీషున్‌లో తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్. ఆయన ఏడున్నరకి వెళితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. లిఫ్టులో ఒక మలయ్ ఆవిడ కనబడినప్పుడల్లా నవ్వుతూ "మకాన్?" అనేది, తిన్నావా అని అడుగుతోందని అర్థం కావడానికి నాకు నెల పట్టింది. వందమంది పిల్లల ముందు గంటల తరబడి మాట్లాడిన నోరు, ఆ ఫ్లాట్‌లో కూరగాయలవాడితో బేరమాడే పాటి మాటలు కూడా లేక మూతపడింది. తెలుగు లెక్చరరు ఈ ఊళ్ళో ఎవరికి కావాలి చెప్పండి.

అలాంటప్పుడు మా ఆయనే ఆ వేదిక చూపించారు. కాలక్షేపానికి బావుంటుంది, నీలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారక్కడ అన్నారు పాపం, ఆ మాట అన్నందుకు తరవాత ఎన్నిసార్లు నాలిక కరుచుకుని ఉంటారో. మొదటిరోజు ఎవరో ఒక పద్యానికి అర్థం అడిగితే చెప్పాను. మర్నాడు చూస్తే పదిమంది మెచ్చుకున్నారు. వారం తిరిగేసరికి నేను అందరికీ 'అక్కయ్యగారు' అయిపోయాను. పుట్టబోయే బిడ్డకి పేరు కావాలన్నా నేనే, ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరక్కపోతే ఏం చెయ్యాలన్నా నేనే, ఫలానా మాట అచ్చతెలుగా సంస్కృతమా అని ఇద్దరు పోట్లాడుకుంటే తీర్పు చెప్పడానికీ నేనే. మళ్ళీ నాకొక తరగతి గది దొరికింది, ఈసారి అది ప్రపంచమంత పెద్దది.

దాన్ని వ్యసనం అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా ఆయన రోజుకి రెండు సిగరెట్లు తాగేవారు, అదీ కిందికి దిగి, దూరంగా వెళ్ళి. దానికి నేను చేసిన రాద్ధాంతం అంతా ఇంతా కాదు, చివరికి ఆ పోరు పడలేక మానేశారు. మానేసిన రోజున ఆయన ఒక్క మాట అన్నారు. "నాది కాబట్టి వ్యసనం, నీది సేవ కదా." నేను నవ్వేశాను. సిగరెట్ తాగేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు, పేకాడేవాణ్ణి ఊరంతా తిడుతుంది, నన్ను మాత్రం రోజుకి ఇరవైమంది పొగిడేవారు. పొగడ్త ఉన్నచోట తప్పు ఉందని ఎవరికి అనిపిస్తుంది?

సాయంత్రం ఆరు నా వేళ. ఇండియాలో మధ్యాహ్నం భోజనాలయ్యి తీరికగా ఉండేవారు, అమెరికాలో అప్పుడే నిద్రలేచేవారు, రెండు పక్కలవాళ్ళూ కలిసేది ఆ రెండు మూడు గంటలే. ఆ గంటల్లో మా ఇంట్లో ఎన్ని కూరలు మాడాయో చెప్పలేను. వంటింటి కిటికీ బయట వెదురు గెడలకి బట్టలు ఆరేసి వచ్చి కూర్చునేదాన్ని, ఇక్కడి వాన చెప్పి రాదుగా, ధారగా కురిసి వెలిసినా నాకు తెలిసేది కాదు. పక్కింటావిడ వచ్చి గంట కొట్టేది, ఆపా అనేదాన్ని ఆవిణ్ణి, ఉర్దూలో అక్క అని. "అక్కా, వాన కొడుతున్నది, నీ బట్టలన్ని నానుతున్నయ్" అనేది, నేను లేచేలోగా తనే లోపలికి వెళ్ళి గెడలు లాగేసేది.

ఆ ఆపా నల్గొండ వైపు మనిషి. వాళ్ళాయన ఏదో బ్యాంకులో పనిచేసేవారు. ఇంట్లో వాళ్ళు హైదరాబాదు ఉర్దూ మాట్లాడుకునేవారు గానీ మాతో, మా అమ్మాయితో తెలుగే. పిల్లలు లేరు ఆవిడకి. నేను వచ్చిన కొత్తలో, ఈవిడ తెలుగు ఇలా ఉందేమిటని లోలోపల అనుకున్నదాన్నే. బయటికి అనలేదు, అంత మర్యాద తెలుసు. ఆవిడ మాత్రం నన్ను ఏనాడూ ఏమీ అనుకున్నట్టు లేదు, ఏది చేసినా ఒక గిన్నె మా ఇంటికి వచ్చేది.

ఇంతకీ మా అమ్మాయి సంగతి చెప్పాలి. ఇక్కడి బళ్ళలో మాతృభాష అని ఒక పాఠం ఉంటుంది. అందులో తమిళం ఉంది, హిందీ ఉంది, ఇంకా కొన్ని ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్ళ పిల్లలు చాలామంది హిందీనే మాతృభాషగా రాసి పరీక్షలు పాసవుతారు, మా అమ్మాయీ అంతే. అంటే దానికి తెలుగు రావాలంటే దారి ఒక్కటే, ఇంట్లో మేం మాట్లాడాలి. ఆయన ఇంట్లో ఉండరు, కాబట్టి నేను మాట్లాడాలి. ఈ సంగతి నాకు తెలియక కాదు. నాకు ఎంత బాగా తెలుసంటే, 'పరాయి దేశంలో మన పిల్లలకి తెలుగు నేర్పడం ఎలా' అని పదకొండు భాగాలు రాశాను వేదికలో. పిల్లలతో రోజూ ఒక గంట తెలుగులో కబుర్లు చెప్పండి, పడుకోబెట్టేటప్పుడు కథ చెప్పండి, పనులు వాయిదా వేసుకోండి గానీ కథ వాయిదా వెయ్యకండి అని రాశాను. ఎవరెవరో దాన్ని అచ్చువేసుకుని గోడలకి అంటించుకున్నామని ఉత్తరాలు రాశారు. ఆ పదకొండు భాగాలూ మా అమ్మాయి బడి సెలవుల్లో, అది నా కుర్చీ పక్కన నిలబడి కథ అడుగుతుండగా రాశాను.

కథ అంటే పుస్తకంలోది కాదు, నేను కల్పించినదే. యీషున్‌లో ఒక చెరువుంది, చుట్టూ నడిచే దారి ఉంది. అక్కడ ఒక తాబేలును చూసి, ఇది వాళ్ళ అమ్మమ్మగారి ఊరు వెళుతుందా అని అడిగింది మా అమ్మాయి. వెళుతుంది, రైలెక్కి వెళుతుంది అన్నాను. ఇక రోజుకొక స్టేషను. తాబేలు సెంబవాంగ్‌లో దిగి కొబ్బరినీళ్ళు తాగింది, వుడ్‌లాండ్స్‌లో గొడుగు పారేసుకుంది, క్రాంజీలో రైలు దిగి బస్సు కోసం కూర్చుంది. క్రాంజీ ఎందుకంటే, అప్పుడక్కడ మనుషులు తక్కువ, బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు, కథని నాలుగు రోజులు నడపొచ్చని నా ఎత్తు. క్రాంజీ చేరిన మర్నాడే వేదికలో ఏదో పెద్ద వాదం మొదలైంది, దేనిమీదో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు. మా అమ్మాయి వచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుని, "అమ్మా, బస్సు వచ్చిందా?" అంది. ఒక్క నిమిషం తల్లీ అన్నాను, తెరమీంచి కళ్ళు తిప్పకుండానే. అది నేలమీద కూర్చుని, మోకాళ్ళమీద గడ్డం ఆనించి కాసేపు ఎదురుచూసింది. మర్నాడు మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ అదే అన్నాను. అలా ఎన్నాళ్ళు అడిగిందో, ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. మానేసిందని తెలిసేసరికి అది సాయంత్రాలు పక్కింట్లో ఉండడం అలవాటైపోయింది, నాకూ ఇల్లు నిమ్మళంగా ఉండడం అలవాటైపోయింది.

ఆపా ఇంటి తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. "గిట్లరా బిడ్డా, కూసో, రొట్టె తింటవా" అన్న మాట మా గదిలోకి వినిపించేది. పాపం మంచిది, పిల్లని ఆడిస్తోంది అనుకుని నేను నిశ్చింతగా టైపు కొట్టుకునేదాన్ని.

దానికి ఎనిమిదో ఏడు వచ్చిన సంవత్సరం, ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం కలిసి ఒక హాలు తీసుకుని ఉగాది సభ పెట్టుకున్నాం. పిల్లలచేత తలా రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడించాలని నేనే సూచించాను, అంశం కూడా నేనే ఇచ్చాను, 'మా అమ్మ' అని. మా అమ్మాయికి ఒక కాగితం రాసిచ్చాను. మాతృమూర్తి, అనురాగం, వాత్సల్యం అంటూ దాని నోరు తిరగని మాటలన్నీ పెట్టి రాశాను. కూర్చోబెట్టి చెప్పించాలని రోజూ అనుకోవడమే, ఆ వారమంతా వేదికలో ఉగాది కవితల పోటీ, దానికి న్యాయనిర్ణేతని నేనేనాయె. సభరోజు పట్టుపరికిణీ కట్టుకుని మైకు ముందు నిలబడింది. 'మాతృమూర్తి' దగ్గరే ఆగిపోయింది. నాకేసి చూసింది. తరవాత కాగితం మడిచేసి, తనకి వచ్చిన తెలుగులో తను మాట్లాడేసింది.

అది అచ్చం పక్కింటి ఆపా తెలుగు. యాసా, మాటా, ఆ ఆగడం కూడా ఆవిడదే. హాల్లో అందరూ నవ్వారు. వెక్కిరింపుగా కాదు, ముద్దుగానే నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. పక్క వరసలో ఒకావిడ నావైపు వంగి, "మీరు తెనాలి వాళ్ళు కదండీ, పాప నల్గొండ భాష మాట్లాడుతుందేమిటి" అంది. నా మొహం మాడిపోయింది. తెలుగు చెప్పుకుని బతికినదాన్ని, ప్రపంచంలో తెలుగువాళ్ళందరికీ అక్కయ్యగార్ని, నా కడుపున పుట్టిన పిల్ల నోట నా తెలుగు లేదు. ఆ రోజు నాకు వినబడింది అంతే. అది ఎలా మాట్లాడిందో విన్నాను, ఏం మాట్లాడిందో వినలేదు.

ఇంటికి వచ్చాక, ఇంకెప్పుడూ అలా మాట్లాడకు, నలుగురూ నవ్వుతున్నారు చూశావా, రేపట్నుంచి సాయంత్రాలు పక్కింటికి వెళ్ళొద్దు అన్నాను. తలుపు తీసే ఉంది, ఆపాకి వినబడే ఉంటుంది. మా అమ్మాయి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. "ఓకే, మా" అంది.

అంతే, ఆ రోజు నుంచి అది నాతో తెలుగు మాట్లాడలేదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. మొదట్లో అలిగిందనుకున్నాను, తరవాత బడి ప్రభావం అనుకున్నాను, తరవాత ఇక్కడి పిల్లలంతా ఇంతేనని సర్దిచెప్పుకున్నాను. వేదికలో కూడా అలాగే రాశాను, ఈ దేశాల గాలే అంత అని, చాలామంది తల్లులు అవునవునన్నారు. ఇంకో రెండేళ్ళకి ఆపా వాళ్ళు ఇక్కడి ఉద్యోగం అయిపోయి హైదరాబాదు వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు ఆవిడ పాత చున్నీ ముక్కలతో కుట్టిన తాబేలు బొమ్మ ఒకటి మా అమ్మాయి చేతిలో పెట్టి, తల నిమిరి, నాతో "వస్తనక్కా, ఏమన్న తప్పుంటే మనసుల పెట్టుకోకు" అంది. తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. నేను ఏదో అనబోయి, జాగ్రత్తగా వెళ్ళి రండి అని ఊరుకున్నాను. ఆ బొమ్మ తాబేలే ఎందుకైందని కూడా నాకు తోచలేదు.

తరవాతి సంగతులు మీకూ తెలిసినవే. వేదిక మెల్లగా పలచబడింది. కొందరు వేరే చోట్లకి పోయారు, కొందరు పోయారు. బల్లమీది కంప్యూటర్ ఒడిలోకి వచ్చింది, ఒడిలోంచి అరచేతిలోకి వచ్చింది. నేను రాయడం మానేసి చూడడం మొదలుపెట్టాను. రాసేటప్పుడు కనీసం నాదంటూ ఒక మాట ఉండేది, ఇప్పుడు గోంగూర నూరేవాళ్ళని, ఇల్లు సర్దేవాళ్ళని, ఎవరి పెళ్ళిలోనో ఎవరో కట్టిన చీరల్ని చూస్తూ గంటలు కరిగిపోతాయి. మా ఆయన రిటైరయ్యి పక్కసోఫాలో ఆయన ఫోను ఆయన చూసుకుంటారు. కాఫీ తాగుతారా అని ఆయనకి ఫోనులోనే మెసేజి పెట్టిన రోజు కూడా ఉంది, నవ్వకండి.

మళ్ళీ మొన్న మంగళవారానికి వస్తాను. దారితప్పి, వెనక్కి తిరిగి, ఆలస్యంగా సెరంగూన్ చేరేసరికి మా అమ్మాయి ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. ఆ రోజు దానికి ఇంటినుంచే ఆఫీసు పని. చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి మాటలు వినబడ్డాయి. నా కూతురి గొంతు. మూడేళ్ళ మనవరాలికి అన్నం తినిపిస్తూ చెబుతోంది. "గప్పుడు తాబేలు క్రాంజీల బస్సు ఎక్కింది. డ్రైవర్ అడిగిండు, యాడికి పోవాలె నీకు? తాబేలు అన్నది, హైదరాబాద్‌ల ఆంటీ ఇంటికి పోవాలె, జర జల్ది పోనియ్. ఆంటీ ఇంట్ల ఏమున్నది? రొట్టె ఉన్నది, చాయ్ ఉన్నది..."

ఒక చెప్పు విప్పి, ఒక చెప్పు కాలికుండగానే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళకి పైగా నా చెవులు ఆ గొంతులో తెలుగు వినలేదు. తెలుగు రాదనుకున్నాను. అది నాదాకా రానివ్వలేదంతే, దాని దగ్గర ఉండనే ఉంది. మనవరాలి చేతిలో ఆ చున్నీ తాబేలు, ఒక కన్ను ఊడిపోయి ఉంది.

నన్ను చూడగానే మా అమ్మాయి మాట మార్చేసింది. "మా, యూ లేట్ లా, ఐ హావ్ మీటింగ్ ఎట్ టెన్" అంది, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో. ఇందాక చెబుతున్న కథ ఏమిటని అడిగాను. వింతగా చూసింది. "యువర్ స్టోరీ, మా. యూ స్టాప్డ్ ఎట్ క్రాంజీ. ఆంటీ ఫినిష్డ్ ఇట్" అంది. నిష్టూరం ఏమీ లేదు ఆ గొంతులో. అన్నం కలుపుతూ మామూలుగా చెప్పింది.

దాని మీటింగ్ అయ్యాక, ఈమెయిలు సంగతి చెప్పాను. ఇలాంటి పనులు నాకు చేతకావు, అదే తన కంప్యూటర్లో కూర్చుని నా రాతలన్నీ దింపిపెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి కూడా తరవాత వేదికవాళ్ళు తెలుగు లిపిలోకి మార్చిపెట్టారు, ఎంతకీ తెగవే. "వా, సో మెనీ" అంటూ జరుపుకుంటూ పోతోంది. దానికి తెలుగు చదవడం రాదు, తన పేరు మాత్రం తెలుసు, నాలుగేళ్ళప్పుడు పలకమీద నేను దిద్దించిన అక్షరాలు. ఆ పేరు కనబడ్డచోట ఆగింది. ఇంకోచోట ఆగింది. ఎన్నోచోట్ల ఉంది దాని పేరు. మా అమ్మాయికి పన్ను ఊడింది, మా అమ్మాయి వర్షాన్ని ఇలా వర్ణించింది, తాబేలుకి టికెట్ ఎవరు కొంటారని అడిగింది అంటూ ముచ్చటగా రాసుకున్నాను, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి. "వాట్ డిడ్ యూ రైట్ అబౌట్ మీ? రీడ్ ఇట్, మా" అంది. వేలు పెట్టి ఒకటి చూపించింది.

అది ఉగాది సభ మర్నాడు రాసినది. మాండలికాల అందం గురించి ఒక వ్యాసం. ముందురోజు ఇంట్లో పిల్లని ఆ భాష మాట్లాడొద్దని కసిరి, మర్నాడు ఆ భాష ఎంత తీయనిదో రాసి మెప్పు పొందిన ఘనురాల్ని నేను. మా అమ్మాయి సభలో అన్న మాటలు యథాతథంగా ఇస్తున్నాను, చిత్తగించండి అని మొదలుపెట్టి, పొల్లుపోకుండా రాసిపెట్టాను. కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాను.

"మా అమ్మ మస్తు మంచిగ రాస్తది. దునియాల అందరికి జవాబు చెప్తది. నేను పోతే ఒక్క నిమిషం అంటది. గా నిమిషం అయితనే లేదు. గందుకే నేను ఆంటీ తాన ఉంటున్న. అమ్మకు నిమిషం అయినంక పోతా."

దానికింద నా వ్యాఖ్య ఉంది. 'అయితనే లేదు' అన్న పలుకులో ఎంత జీవం ఉందో గమనించారా అని. దానికింద ఆహా ఓహో అంటూ బారులు తీరిన మెచ్చుకోళ్ళు, ఒక్కొక్కదానికీ పేరుపేరునా నేనిచ్చిన జవాబులు. అంతమందిలో ఒక్కరైనా, అమ్మా ఆ పిల్ల ఏమంటోందో విన్నావా అని అడగలేదు. వాళ్ళననడం దేనికి, కన్నదాన్ని, నాకే వినబడలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేశాను.

ఆపా తెలుగు కనక దానికి నేను చదివింది అంతా తెలిసింది. తెరమీద ఆ జవాబుల వరసని మెల్లగా కిందికి జరుపుతూ, "యూ రిప్లైడ్ టు ఎవ్రీబడీ, మా" అంది. తప్పయిపోయింది తల్లీ అన్నాను. అది నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. క్షమించిందో, ఇప్పుడు ఆ మాటతో పనేముందనుకుందో నాకు తెలియలేదు. మిగతావి కూడా దింపాలి కదా అని మళ్ళీ తెరవైపు తిరిగింది.

అప్పుడు మనవరాలు తాబేలును ఈడ్చుకుంటూ వచ్చి వాళ్ళమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది. తాబేలుకి ఆకలేస్తోందట. మా అమ్మాయి తెరమీంచి కళ్ళు తిప్పకుండానే అంది.

"ఒక్క నిమిషం తల్లీ."

ఆ మాట ఆపాది కాదు. ఆ సాగదీత, ఆ 'తల్లీ' దగ్గర గొంతు కొంచెం తగ్గడం, అంతా అచ్చం నాది, తెనాలిది. నా కూతురికి నా తెలుగు ఒక్క ముక్క కూడా రాలేదని ఇన్నేళ్ళూ బాధపడ్డాను, ఆ ఒక్క ముక్కా వచ్చింది. తను అలా అన్నానని అది గమనించనైనా లేదు.

ఆ రోజుల్లో ఆ యంత్రం ఒక మూల ఉండేది, కరెంటు పోతేనో, ఫోను వస్తేనో అయినా మనిషి లేచేది, పక్కింటి తలుపు తీసి ఉండేది, గిట్లరా బిడ్డా అని పిలిచే మనిషి ఉండేది. ఇప్పుడు అది అందరి చేతుల్లోనూ ఉంది, తలుపులన్నీ వేసి ఉన్నాయి. మా అమ్మాయి ఉంటున్న కాండో అపార్టుమెంట్లలో పక్కింట్లో ఎవరున్నారో దానికీ తెలియదు, నాకూ తెలియదు. నేను ఫోను సంచీలో పడేసి, మోకాళ్ళు నొప్పిపెడుతున్నా నేలమీద చతికిలబడి, రా తల్లీ, తాబేలు తరవాత ఎక్కడికి వెళ్ళిందో అమ్మమ్మ చెబుతుంది అని చేతులు చాచాను. మనవరాలు నాకేసి ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది. వాళ్ళమ్మ కుర్చీ పక్కనే కూర్చుని, మోకాళ్ళమీద గడ్డం ఆనించి, ఆ నిమిషం ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తోంది.